ఊపిరి వినిపించని గంట

ఆ వానాకాలం మా అత్తయ్యకి ఒంట్లో బాగోలేదన్న సంగతి ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది నాకు. అందరికంటే ఆఖర్న తెలిసింది మా ఆయనకి. ఆ మధ్యలో జరిగిందంతా నా చేతుల మీదుగానే జరిగింది. అందుకే ఇప్పటికీ మొదటి చినుకులు పడగానే అందరూ కిటికీల దగ్గరికి పరిగెడితే నేను మాత్రం వంటింట్లో ఏదో ఒక పని వెతుక్కుంటాను.

మా రేడియో స్టేషన్ అంటే పెద్ద భవనమేమీ ఊహించుకోకండి. కింద వడ్రంగి మేస్త్రి దుకాణం, పైన మేము. రెండు గదులు, మధ్యలో ఒక అద్దం. అద్దానికి అవతల మైకు ముందు కూర్చుని మాట్లాడేది అత్తయ్య. ఇవతల మీటల ముందు కూర్చుని ఆ మాటని ఊరి మీదకి వదిలేది నేను. ఇంట్లో ఆవిడ గీసిన గీత నేను దాటకూడదు. స్టేషన్‌లో నేను చెయ్యి ఎత్తేదాకా ఆవిడ నోరు తెరవకూడదు. "అత్తాకోడళ్ల మధ్య అద్దం ఉండాలని ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావుడు" అనేవారు మా ఆయన.

మధ్యాహ్నం పూట గంటసేపు అత్తయ్య కార్యక్రమం. జనం ఫోన్లు చేసి ఇంటి గొడవలు చెప్పుకుంటారు, ఆవిడ తీర్పు చెబుతారు. అరువు తీసుకున్న గొడుగుని పక్కింటామె వానలన్నీ అయిపోయాక తిరిగిచ్చిందని ఒకావిడ, గురక పెట్టే మొగుణ్ణి వరండాలో పడుకోబెడితే తప్పా అని ఇంకొకావిడ. అత్తయ్య అంతా ఓపిగ్గా విని, చివరికి ఫోన్ చేయనివాళ్ల పక్షం మాట్లాడేవారు. తిట్టించుకోవడానికే జనం మళ్లీ మళ్లీ చేసేవాళ్లు.

మా ఇంట్లో ఆ కార్యక్రమానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. మా ఆయన అక్క, అంటే నాకు వదిన, వేరే ఊళ్లో కుట్టు దుకాణం నడుపుతుంది. మా స్టేషన్ గాలి అక్కడిదాకా బొటాబొటిగా అందుతుంది. ఆ గంట రాగానే వదిన మిషన్ ఆపేసి రేడియో చెవి దగ్గర పెట్టుకుంటుంది. తల్లికి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగడం ఆవిడకి అలవాటు లేదు. "అడిగితే బాగానే ఉన్నానంటుంది. అమ్మ నోటిని నమ్మను, గొంతుని నమ్ముతాను" అనేది. గొంతు కాస్త బొంగురుపోతే చాలు, సాయంత్రానికి మా ఆయనకి ఫోన్ వచ్చేది, అమ్మకి జలుబు చేసింది, మందు ఇప్పించమని. పక్కనే ఉన్న మాకు అప్పటికి ఆ జలుబు సంగతే తెలిసేది కాదు. మా ఆయన నీటి సరఫరా పంపుల దగ్గర ఉద్యోగం. తెల్లారకముందే వెళ్లి, అత్తయ్య పడుకున్నాక వచ్చేవారు. ఆయనకీ అమ్మ సంగతి ఆ గంటలోనే తెలిసేది.

అలాంటి గంటలో నేను చెయ్యి పెట్టాను.

స్టేషన్‌కి కొత్త మిషన్లు కావాలని మా స్టేషన్ డైరెక్టరు గారి చెవినిల్లు కట్టుకుని పోరింది నేనే. పాత మైకు రబ్బరు బ్యాండ్ల మీద వేలాడేది. పాత మీటల బల్ల మీద మూడో మీట కదిపితే గరగరమనేది, పిడికిలితో ఒక్కటిస్తే సర్దుకునేది. మేస్త్రి సుత్తి దెబ్బలు అత్తయ్య మాటల మధ్యలో తాళం వేసినట్టు ప్రసారమయ్యేవి. అత్తయ్యకి దగ్గు వస్తే చిటికెన వేలు ఎత్తేవారు, నేను వెంటనే మీట కిందికి లాగేదాన్ని, ఆవిడ తనివితీరా దగ్గి వేలు దించేవారు, నేను మీట పైకి తోసేదాన్ని. వినేవాళ్లు ఆవిడ ఆలోచిస్తున్నారనుకునేవాళ్లు.

కొత్త సామాను తొలకరితో పాటే దిగింది. గోడలకి మెత్తటి పలకలు అంటించాం, కంప్యూటరు పెట్టాం, మీటలన్నీ వెన్న మీద జారినట్టు జారుతున్నాయి. పెళ్లికూతురి నగల్లా ఒక్కొక్కటే తీసి చూసుకుని మురిసిపోయాను. కొత్త మైకుని అత్తయ్య వేలితో తట్టి, "ఇదేంటమ్మాయ్, ఇంత బక్కగా ఉంది? కంపెనీవాళ్లు తిండి పెట్టలేదా?" అన్నారు.

"దానికి తిండి అక్కర్లేదు అత్తయ్యా. చీమ నడిచినా వింటుంది."

"అయితే చీమలతో జాగ్రత్తగా మాట్లాడమని చెప్పు" అంటూ ఆవిడ కూర్చుని, అలవాటు ప్రకారం నిన్నటి పేపరు చదవడం మొదలుపెట్టారు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

చీమ సంగతేమో గానీ, ఆ మైకు అత్తయ్య ఊపిరిని వింది. ప్రతి వాక్యం చివరా ఒక చిన్న ఎగపీల్పు, దాని అడుగున సన్నటి గరగర. మెట్లెక్కి వచ్చిన ఆయాసం అనుకున్నాను. పేపరు ఒక పేజీ అయిపోయి రెండో పేజీకి వచ్చినా ఆ ఆయాసం దిగలేదు.

పక్కనే నిలబడ్డ డైరెక్టరు గారు స్పీకర్లో విని మొహం చిట్లించారు. "ఇదేంటమ్మా, ఇంత రొప్పు? ప్రకటనలిచ్చేవాళ్లకి ఏం చెప్పమంటావ్? ఈ వానాకాలం చూద్దాం. ఆ తర్వాత ఎలాగూ కార్యక్రమాలన్నీ మార్చేదే కదా, కొత్త మైకుకి తగ్గ కొత్త గొంతు వెతుకుదాం. పెద్దావిడ, ఇంట్లో కూర్చుని సుఖపడనీ" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆవిడ ముందు అనే ధైర్యం లేక నాతో అన్నారు, అంతే.

అద్దానికి అవతల అత్తయ్య చదవడం ఆపేశారు.

అవతలి గదితో మాట్లాడటానికి ఒక బటన్ ఉంటుంది. పాత బల్లలో దాన్ని నొక్కి పట్టుకుంటేనే మన మాట అటు వెళ్లేది, వేలు తీస్తే ఆగేది. కొత్తదాంట్లో ఒకసారి నొక్కితే మళ్లీ నొక్కేదాకా తెరిచే ఉంటుంది. ఆ తేడా నేను చదివాను, నా వేలు చదవలేదు. డైరెక్టరు గారు అన్న ప్రతి మాటా అత్తయ్య చెవుల్లో పడింది. నేను గబుక్కున బటన్ నొక్కాను గానీ అప్పటికే ఆవిడ పేపరు మడతపెడుతున్నారు.

ఇంటికి వెళ్లేటప్పుడు ఒకటే గొడుగు కింద నడిచాం. దారిలో ఆవిడ ప్రతి దీపస్తంభం దగ్గరా ఆగి వానని చూశారు. వాన మీద అంత ప్రేమ ఎప్పుడూ లేదు ఆవిడకి.

"మేస్త్రి సుత్తి వినపడకుండా ఏదో తెప్పించానన్నావే, ఏంటది?" అని అడిగారు.

"గేటు అంటారత్తయ్యా. తలుపులాంటిదే. మాట వస్తే తెరుచుకుంటుంది, మాట ఆగితే మూసుకుంటుంది. మధ్యలో వచ్చే చప్పుళ్లు బయటికి పోవు."

"నా ఊపిరికి కూడా వెయ్యి ఆ తలుపు."

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్దాం అత్తయ్యా."

"వెళ్దాం. వానలు వెళ్లనీ. ఇప్పుడెళ్తే ఏమంటాడు? మాట్లాడొద్దంటాడు. ఈలోగా నీ డైరెక్టరు ఎవరో పిల్లని తెచ్చి నా కుర్చీలో కూర్చోబెడతాడు." కొంచెం ఆగి, ఊపిరి కూడదీసుకుని, "వాడికి గానీ, దానికి గానీ చెప్పావంటే నా మీద ఒట్టే" అన్నారు. వాడంటే కొడుకు, దానంటే కూతురు.

నేను ఆ క్షణంలో కాదనాల్సింది. కానీ ఆ మైకు తెచ్చింది నేను, ఆ బటన్ తెరిచి వదిలింది నేను. ఆవిడ కుర్చీ కిందికి నీళ్లు తెచ్చింది నేనే అనిపించింది. కనీసం కుర్చీ అయినా కాపాడితే నా తప్పు చెల్లుతుందనుకున్నాను. మర్నాడు పెందలాడే వెళ్లి గేటు వేశాను.

ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. వాక్యం అయిపోగానే నిశ్శబ్దం, కడిగి ఆరబెట్టినట్టు. మళ్లీ మాట. అత్తయ్య హెడ్‌ఫోన్లోకి కూడా అదే వెళ్తుంది కాబట్టి తన ఆయాసం తనకే వినిపించేది కాదు. దాంతో ఆవిడకీ ధైర్యం వచ్చింది. మొదటి రోజు కార్యక్రమం అవగానే బయటికొచ్చి నా బుగ్గ పుణికి, "బాగైపోయానే!" అన్నారు. ఆ రాత్రి వదిన ఫోన్: "ఏంటి, అమ్మ గొంతు వయసు తగ్గిపోయింది?" మా ఆయన ఆ మాట పంపుల దగ్గర అందరికీ చెప్పుకుని, ఇంటికొచ్చి నాకు చెప్పారు. "నీ మిషన్లు మా అమ్మకి బాగా పడ్డాయోయ్!"

నాకూ గర్వంగానే ఉండింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ తర్వాతి వారాలు ఒకదాని మీద ఒకటి వానలాగే పడిపోయాయి. ఊపిరి పెరిగింది, నేను గేటు బిగించాను. ఇంకా పెరిగింది, ఇంకా బిగించాను. మరీ బిగిస్తే మాటల చివర్లు తెగిపోతున్నాయని అత్తయ్యతో అన్నాను. ఆవిడ వాక్యాలు పొట్టిగా చెప్పడం నేర్చుకున్నారు. నాలుగు మాటలు, ఆగడం. మూడు మాటలు, ఆగడం. డైరెక్టరు గారు తలుపు దగ్గర నిలబడి విని తలాడించారు. "చూశావా, ఇప్పుడెంత హుందాగా, తూచి తూచి మాట్లాడుతున్నారో! మైకు మనిషికి క్రమశిక్షణ నేర్పుతుందమ్మా."

ఇంట్లో మాత్రం గేటు లేదు. ఆరేసిన బట్టలు తీస్తూ మధ్యలో దండెం పట్టుకుని నిలబడిపోయేవారు. దిండు మీద దిండు వేసుకుని పడుకునేవారు. అడిగితే, "తల ఎత్తుగా ఉంటే కలలు బాగా వస్తాయి" అనేవారు. చెప్పులు పాదాలకి పట్టడం మానేశాయి. "వానకి తోలు బిగుసుకుపోయిందే" అన్నారు. వంగి చూశాను. బిగుసుకున్నది తోలు కాదని నాకు కనపడుతూనే ఉంది. వేరే చెప్పులు తెచ్చి పెట్టాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సినదాన్ని చెప్పుల దుకాణానికి వెళ్లాను.

ఒకరోజు ఉండబట్టలేక మా ఆయన భోజనం చేస్తుంటే ఎత్తాను. "అత్తయ్యని ఒకసారి డాక్టరుకి చూపిస్తే బాగుంటుందండీ."

"ఏమైంది?"

"ఆయాసపడుతున్నారు."

ఆయన నవ్వేశారు. "మధ్యాహ్నం పంపుల దగ్గర నలుగురం కూర్చుని విన్నాం. గంటసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడింది. నాకొస్తుంది ఆయాసం, ఆవిడ మాట వింటే."

"రేడియోలో అలా వినపడుతుంది గానీ..."

"రేడియోలో వినపడకపోతే ఇంకెక్కడ వినపడుతుంది? అక్క కూడా మొన్న అదే అంది, అమ్మ ఈ మధ్య అంత బాగా ఎప్పుడూ లేదని." కంచంలోంచి తల ఎత్తి కొంటెగా చూశారు. "కొంపదీసి మా అమ్మని ఇంట్లో కూర్చోబెట్టి ఆ గదిలోకి నువ్వు ఎక్కుదామని కాదు కదా?"

సరదాకే అన్నారు. ఊపిరి నేనే తీసేస్తున్నానని ఒక్క మాట అంటే సరిపోయేది. ఒట్టు గుర్తొచ్చింది, డైరెక్టరు గారు గుర్తొచ్చారు, ఇంతకాలం ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న గుర్తొచ్చింది. ఆయనకి మజ్జిగ పోసి లేచిపోయాను. నా పనితనం ఎంత బాగుందంటే, నా మాట నా మొగుడే నమ్మలేదు.

ఇలా ఎన్నాళ్లు సాగేదో తెలీదు. మేస్త్రి పైకి రాకపోతే ఇంకా సాగేదేమో.

ఆయన మా మెట్లెక్కి రావడమే తక్కువ. ఆరోజు పొద్దున్నే చెవి మీద పెన్సిలుతో, ఒంటి నిండా రంపపు పొట్టుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, నా మీద మీకేమైనా కోపమా?"

"అయ్యో, అదేంటి మేస్త్రీ?"

"నా సుత్తి రేడియోలో రావట్లేదంట. ఇన్నేళ్లూ వచ్చిందా లేదా? మా చెల్లెలు రోజూ వినేదంట, అన్నయ్య పనిలో ఉన్నాడులే అని. కొన్నాళ్లుగా వినపడకపోయేసరికి, నాకేమైనా అయిందేమోనని నిన్న వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చేసింది. నన్ను చూసి ఏడుపు, నవ్వు, రెండూ. కాస్త ఒకటి రెండు దెబ్బలైనా రానివ్వండమ్మా."

"సరే మేస్త్రీ, చూస్తాను" అని నవ్వుతూనే పంపించాను. తలుపు వేసి వచ్చి మీటల ముందు కూర్చున్నాను. సుత్తి వినపడలేదని ఒక చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య కూతురు మాత్రం రోజూ ఆ శుభ్రమైన గొంతు విని తృప్తిగా మిషన్ తొక్కుకుంటోంది.

మధ్యాహ్నం అత్తయ్య మెట్లెక్కుతూ ప్రతి మలుపులోనూ గోడకి చేరగిలబడ్డారు. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. "ఈరోజుకి వద్దత్తయ్యా, పాటలు వేసేస్తాను" అన్నాను. నన్ను చూపుతోనే పక్కకి జరిపి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, అద్దంలోంచి నా వైపు చూసి తలూపారు. నేను చెయ్యి ఎత్తాను.

మొదటి ఫోన్ ఒక మగమనిషిది. పెళ్లాం ప్రాణంగా చూసుకునే గోడ గడియారం పగలగొట్టాడట. అచ్చం అలాంటిదే కొని తగిలించాడట. ఆవిడ ఇంతవరకూ ఏమీ అనలేదట. చెప్పాలా, వద్దా?

"చెప్పెయ్ నాయనా" అన్నారు అత్తయ్య. ఆగారు. నా చెవుల్లో నిశ్శబ్దం. అద్దంలో మాత్రం ఆవిడ భుజాలు పైకీ కిందికీ కొట్టుకుంటున్నాయి. "ఆవిడకి ఎప్పుడో తెలుసు." మళ్లీ నిశ్శబ్దం, మళ్లీ భుజాలు.

గేటు బటన్ మీద పచ్చ దీపం వెలుగుతోంది. నొక్కాను. ఆరిపోయింది.

ఆ గదిలోని ఊపిరంతా ఒక్కసారిగా హెడ్‌ఫోన్లోకి వచ్చింది. రంపం తడి కర్రలో ఇరుక్కున్నట్టుంది ఆ చప్పుడు. కింద మేస్త్రి సుత్తి కూడా వచ్చింది. అత్తయ్యకి కూడా వినపడింది. చటుక్కున తల ఎత్తి నన్ను చూశారు. ముందు అర్థం కాలేదు, ఏదో పాడైందనుకున్నారు. చిటికెన వేలు ఎత్తారు.

నేను చూశాను. నా చెయ్యి అలవాటుకొద్దీ మీట మీదకి వెళ్లింది. అక్కడే ఆగింది. మీట దించలేదు.

వేలు అలాగే ఉంది కాసేపు. తర్వాత ఆవిడే దించుకున్నారు. నా మొహంలోంచి చూపు తిప్పకుండా, ప్రతి మాటకీ ఒకసారి రొప్పుతూ, తీర్పు పూర్తి చేశారు: "నువ్వు... చెబుతావా, లేదా అని... చూస్తోంది... అంతే నాయనా." ఫోన్లో మగమనిషి గడియారం సంగతి మర్చిపోయి, "అమ్మా, మీకు బాగానే ఉందా?" అన్నాడు.

నేను పాట వేశాను. అప్పటికే ఫోన్ దీపం కొట్టుకుంటోంది. ఎవరిదో ఎత్తకముందే తెలుసు.

"ఎన్నాళ్ల నుంచి?" అంది వదిన. పలకరింపు లేదు.

"కొత్త మిషన్లు వచ్చినప్పటి నుంచి."

"రోజూ విన్నాను కదా నేను! ఒక్కరోజు కూడా మానలేదు!"

"నేనే తీసేశాను వదినా. వినపడకుండా."

అవతల వాన చప్పుడు మాత్రం వినిపించింది, వాళ్ల దుకాణం రేకుల మీద. "అమ్మని ఇంక మాట్లాడనివ్వకు. బస్సెక్కుతున్నాను" అని పెట్టేసింది.

డైరెక్టరు గారు పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది? గేటు పాడైందా?" "బాగానే ఉందండీ. నేనే ఆపాను" అన్నాను. ఆయన అద్దంలోంచి అత్తయ్యని చూసి, చెప్పులు కూడా వేసుకోకుండా ఆటో పిలవడానికి కిందికి దిగారు.

గుండెలో ఒక కవాటం ఎప్పటినుంచో సరిగ్గా తెరుచుకోవట్లేదన్నారు ఆసుపత్రిలో. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందన్నారు. డాక్టరమ్మ అత్తయ్యని గుర్తుపట్టింది. "మధ్యాహ్నం మీ కార్యక్రమం వింటూనే భోంచేస్తానమ్మా. ఆ గొంతు విని ఇలా ఉంటుందని ఎవరనుకుంటారు!" అని ఆశ్చర్యపోయింది. తర్వాత మమ్మల్ని బయటికి తీసుకొచ్చి, వానల మొదట్లో తెచ్చి ఉంటే మందులతోనే నెట్టుకొచ్చేవాళ్లమని, ఇప్పుడు ఆపరేషన్ తప్పదని, అదైనా గట్టిగా చెప్పలేనని అంది.

ఆరోజు పనిలో పడి రేడియో వినలేకపోయి, కబురందాక వచ్చిన మా ఆయన అక్కడే గోడకి ఆనుకుని కూలబడ్డారు. "నువ్వు చెప్పావు. నేనే నవ్వులాటకి తీసుకున్నాను" అన్నారు నాతో. తప్పు ఆయన తన నెత్తిన వేసుకుంటే నాది కొంచెమైనా తేలికవుతుందేమో అనుకున్నాను. అవలేదు. ఇద్దరిదీ అయింది, అంతే.

వదిన తడిసిన చీరతోనే వచ్చింది. నన్ను చెడామడా తిడుతుందని ఎదురుచూశాను. నిజానికి తిట్టించుకోవాలనే ఉంది నాకు. ఆవిడ టీ తెచ్చి, మొదటి గ్లాసు నాకే ఇచ్చింది. "తాగు, పొద్దున్నుంచి ఏమీ తిని ఉండవు" అంది.

ఆపరేషన్ అయింది. అత్తయ్య బతికారు. ఆ మాట రాయడానికి ఇప్పటికీ నా చేతికి ఒక క్షణం పడుతుంది.

కానీ పాత గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. నాలుగు మాటలకి ఒకసారి ఆగాలి, గట్టిగా మాట్లాడకూడదు. ఆ కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. మంచి పిల్లే, ఫోన్ చేసినవాళ్ల పక్షమే మాట్లాడుతుంది. ఇంట్లో ఆ గంట రాగానే అత్తయ్య రేడియో కట్టేసి గోడవైపు తిరిగి పడుకునేవారు. నాతో అన్నీ మాట్లాడేవారు, మందులు, బట్టలు, వాన. ఆ రోజు సంగతి మాత్రం ఎత్తేవారు కాదు.

వానలు వెనకబడుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం ఆవిడకి తల దువ్వుతున్నాను.

"వేలెత్తాను కదా" అన్నారు ఉన్నట్టుండి.

దువ్వెన ఆగిపోయింది. "చూశానత్తయ్యా."

"చూసి కూడా."

"చూసి కూడా."

అద్దంలో ఆవిడ మొహం చూసే ధైర్యం లేక జడ పాయలే చూస్తూ నిలబడ్డాను. "ఊరందరికీ వినిపించావు. నా కూతురికి ఒక్కదానికి వినిపించాలని." ఊపిరి తీసుకున్నారు. "ముందు నాతో చెప్పి ఆ తలుపు తియ్యాల్సింది. నేను వద్దనేదాన్ని. తిట్టేదాన్ని. అయినా చెప్పాల్సింది."

"అవునత్తయ్యా" అన్నాను. ఇంకేం అనను? ఊపిరి దాచినప్పుడు కూతుర్ని మోసం చేశాను, బయటపెట్టినప్పుడు తల్లిని. మధ్యలో సరైన పని చేయడానికి బోలెడన్ని రోజులు నా ముందు నుంచి నడిచి వెళ్లాయి.

"చిక్కు లాగుతున్నావ్, మెల్లిగా" అన్నారావిడ. నేను మెల్లిగా దువ్వాను.

చిత్రం ఏమిటంటే, జనం ఆవిణ్ణి మర్చిపోలేదు. ఆ గడియారం మనిషి రోజూ ఫోన్ చేసి ఆవిడెలా ఉన్నారని అడిగేవాడు. పెళ్లానికి చెప్పేశాడట, ఆవిడకి మొదటి రోజే తెలుసట. అలాంటి ఫోన్లు ఎక్కువయ్యేసరికి డైరెక్టరు గారు స్వయంగా మా ఇంటికొచ్చి, తల గోక్కుని, వారానికోసారి కాసేపు వచ్చి కూర్చుంటారా అని అడిగారు. "ముందే రికార్డు చేద్దామండీ. ఆయాసం అదీ మీ కోడలు తీసేసి శుభ్రంగా..." అనబోయి, మా మొహాలు చూసి ఆపేశారు.

"ఎలా ఉంటే అలాగే వెళ్తుంది. ఇష్టమైతే చెప్పండి" అన్నారు అత్తయ్య.

ఆకాశం తేటపడ్డాక మొదటిసారి వచ్చారు. మా ఆయన సెలవు పెట్టి, ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురితో మోయించుకొచ్చారు. మేస్త్రి కుర్చీ కాలొకటి పట్టాడు. గేటు బటన్ మీద నేను టేపు ముక్క అంటించి పెట్టాను. ఆవిడ కూర్చున్నారు, నేను చెయ్యి ఎత్తాను. ఊపిరి, మాట, ఊపిరి. కింద సుత్తి. మధ్యలో ఒకసారి చిటికెన వేలు ఎత్తారు. ఎత్తి, నా వంక చూశారు. మీట అంత తొందరగా నేనెప్పుడూ దించలేదు. ఆవిడ దగ్గి, నీళ్లు తాగి, వేలు దించారు.

కార్యక్రమం ముగియగానే ఫోన్ దీపం వెలిగింది.

"ఈరోజు ఏమైనా తీసేశావా?" అంది వదిన. కోపం లేదు ఆ గొంతులో. కుట్టు కొలతలు అడిగినట్టు అడిగింది.

"ఒక దగ్గు తీశాను వదినా. అత్తయ్యే అడిగారు."

"అడిగిందా?"

"వేలెత్తారు."

"సరే అయితే" అని పెట్టేసింది.

అప్పటినుంచి ప్రతి వారం చేస్తుంది. ఆ ఒక్క ప్రశ్నే అడుగుతుంది, నేను ఉన్నది ఉన్నట్టు చెబుతాను, నమ్ముతుంది. నమ్ముతుందనే అనుకుంటాను. అమ్మ గొంతు వింటే చాలనుకున్న మనిషి, ఇప్పుడు గొంతు విన్నాక నన్ను కూడా అడగాల్సి వస్తోంది.